ఎనిడ్ ప్రీస్ నడిచిన దారి

నాకు నడకంటే గిట్టదు. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఉద్యోగమంతా ఇంగ్లండులో హెర్‌ఫర్డ్ ఊరి బస్సు నడిపినవాణ్ణి. దేవుడు నాకు రెండు కాళ్ళిచ్చింది ఒకటి క్లచ్చుకీ, ఒకటి బ్రేకుకీ అని గట్టిగా నమ్మినవాణ్ణి. అలాంటి నన్ను, రిటైరై హాయిగా దుప్పటి ముసుగేసుకుని పడుకోవలసిన వయసులో, అక్టోబరు పొద్దున్నే, ముక్కు ముందు వేలు కనబడని పొగమంచులో, మోకాళ్ళ దాకా తడిపే గడ్డిలో నడిపించిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే. మా పక్కింటి ఎనిడ్ ప్రీస్.

మనిషి పొట్టి. పోయిన మొగుడు లెన్ టోపీ నెత్తిమీద, ఆకుపచ్చ వానకోటు ఒంటిమీద, చేతిలో కర్ర, జేబులో కొమ్మలు కత్తిరించే కత్తెర. మా ఓర్లీ బడిలో వంట చేసి రిటైరైంది. ఊళ్ళో నడివయసు మగాళ్ళంతా ఆవిడ చేతి కస్టర్డు తిని పెరిగినవాళ్ళే. ఇప్పటికీ ఆవిడ ఎదురుపడితే సిగరెట్టు వెనక్కి దాచుకుని "గుడ్ మార్నింగ్ మిసెస్ ప్రీస్" అంటారు. ఆవిడ దాన్ని చూసీ చూడనట్టు "బాగున్నావా నాయనా" అని సాగిపోతుంది.

మర్యాద విషయంలో మా ఊరివాళ్ళం ఎవరికీ తీసిపోం గానీ, ఎనిడ్ ముందు మేమంతా మొరటువాళ్ళమే. దారికడ్డంగా పడుకున్న ఆవుకి సారీ చెప్పి పక్కనుంచి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. నా బస్సెక్కేటప్పుడు ఒక థాంక్యూ, దిగేటప్పుడు ఒక థాంక్యూ. బస్సు ఆలస్యమైతే సారీ కూడా తనే చెప్పేది.

"ఆలస్యం నాది కదా, నువ్వెందుకు చెబుతావ్ సారీ?" అని ఒకసారి అడిగాను.

"నీకు చెప్పే అలవాటు లేదుగా ఐవర్. ఎవరో ఒకరు చెప్పాలి" అంది. బస్సులో అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

మా ఇళ్ళ వెనక గేటు తీస్తే టడ్జ్ గారి ఆపిల్ తోట. తినే ఆపిళ్ళు కావు, సైడర్ సారా తీసే పుల్లటివి. తోట దాటితే పెద్ద పచ్చిక, పచ్చిక చివర వాగు, వాగు మీద చెక్క వంతెన, కంచె దాటడానికి చెక్క మెట్టు, దాని అవతల చర్చి, చర్చి ముందు బస్సు ఆగే చోటు. ఇదే మా తోట దారి. ఇది కాదంటే రోడ్డు మీంచి చుట్టూ తిరిగి రావాలి. ఆ రోడ్డు మలుపులో రెండుపక్కలా మనిషెత్తు గట్లు, పక్కకి తప్పుకుందామంటే పాదం మోపే చోటుండదు. క్వారీ లారీలు ఎదురొస్తుంటే బస్సులో కూర్చున్న నాకే గుండె జారేది. ఎనిడ్‌కి కారు నడపడం రాదు. ఆవిడకి చర్చయినా, లెన్ సమాధైనా, బస్సైనా, బజారైనా ఆ దారే దిక్కు.

నేను రిటైరైన ఏడాది డాక్టరు నడవమన్నాడు. ఆ మాట ఎనిడ్ చెవిన పడడం నా ఖర్మ. మర్నాడు తెల్లారకుండానే కిటికీ మీద కర్రతో టకటకమని చప్పుడు.

"లే ఐవర్. మంచు బాగుంది."

"మంచు బాగుండడమేంటి? ఏం కనపడదు అందులో."

"కనపడకపోతేనే బాగా చూస్తాం. లే."

వెళ్ళాను. తిట్టుకుంటూనే వెళ్ళాను. లగ్ నది మీంచి లేచిన మంచు తోటంతా నిండిపోయింది. చెట్లు ఒక్కొక్కటే దగ్గరికొస్తే గానీ కనపడవు. గడ్డిలో కుప్పలు పోసిన ఆపిళ్ళు అప్పుడే పులుస్తున్నట్టున్నాయి, ఆ వాసన చలిగాలిలో గొంతు దాకా వెళ్ళింది. కంచె పొదల నిండా సాలెగూళ్ళు, ప్రతి గూటి నిండా నీటిబొట్లు. ఎక్కడో గొర్రె దగ్గింది, అచ్చం మా మావయ్య దగ్గినట్టు. నేను ముళ్ళపొదలోని నల్లటి పండొకటి కోసి నోట్లో వేసుకోబోతే ఎనిడ్ కర్రతో నా చేతిమీద కొట్టింది.

"సెప్టెంబరు చివర మైకేల్ పండగ దాటాక ఆ పళ్ళు తినకూడదని తెలీదూ? వాటి మీద సైతాను ఉమ్మేస్తాడు."

"అవన్నీ నమ్ముతావా నువ్వు?"

"నమ్మను. కానీ తినను."

అడుగడుక్కీ ఆగేది. మూసున్న గేటు తీస్తే మళ్ళీ మూసేది, తీసున్న గేటు జోలికి వెళ్ళేది కాదు. దారి మీదికి వంగిన ముళ్ళతీగ ఏదైనా కనిపిస్తే జేబులో కత్తెర తీసి కత్తిరించేది. రోజుకి ఒక్కటే. రెండోది కనిపిస్తే "నీ సంగతి రేపు" అనేది దానితో. మొత్తం ఒకేసారి కొట్టెయ్యొచ్చుగా అంటే, "అది రైతు పని. నాది నడిచే పని. దారికి కాళ్ళు కావాలి ఐవర్. రెండు వేసవులు ఎవరూ నడవకపోతే ముళ్ళు మింగేస్తాయి" అంది. ఆ మనిషికి జ్వరమొచ్చినా, వానొచ్చినా, మంచు పడినా ఆ దారిన నడక తప్పలేదు. నేనైతే వారానికి రెండుసార్లు కడుపునొప్పి అని అబద్ధం చెప్పి పడుకునేవాణ్ణి. ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది ఆ పడక మీంచే, దుప్పట్లోంచి ఆవిడ కర్ర చప్పుడు వింటూ. పైకి చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతుందని.

తర్వాత ముసలి టడ్జ్ పోయాడు. కొడుకు తోటా పచ్చికా అమ్మేసి వెళ్ళిపోయాడు. కొన్నది సైమన్ హార్కోర్ట్ అనే లండన్ మనిషి. వస్తూ వస్తూ అల్పాకాలనే జంతువుల్ని తోలుకొచ్చాడు. ఒంటెకీ గొర్రెకీ పుట్టినట్టుంటాయి. మనల్ని చూస్తే అప్పు అడగడానికి వచ్చారేమో అన్నట్టు మెడ ఎత్తి చూస్తాయి. మనిషి మాత్రం మంచివాడు. ఆ మాట అనకపోతే కళ్ళు పోతాయి. వచ్చిన నెలలోనే మా గేటుకి చక్కటి చెక్క బోర్డు పెట్టించాడు. 'నడిచేవారికి స్వాగతం. యజమాని అనుమతితో ఈ దారి వాడుకోవచ్చు' అని.

ఊరంతా మురిసిపోయింది. ఎంత మర్యాదస్తుడో చూశారా, అడక్కుండానే అనుమతిచ్చాడు అని. ఆ ఏడు కోతల పండగ భోజనాలకి చర్చి హాల్లో అందరం కూర్చున్నాం. ఫాదర్ లేచి హార్కోర్ట్ గారికి ఊరి తరఫున ధన్యవాదాలు చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. నా పక్కన ఎనిడ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"కొట్టవేం? పాపం, మంచాయన" అన్నాను మెల్లిగా.

ఆవిడ లేచి నిలబడింది. మొహం ఎర్రగా కందిపోయింది.

"మిస్టర్ హార్కోర్ట్, పండగకి మీరు పంపిన ఆపిళ్ళకి చాలా థాంక్స్. మీ అల్పాకా ఉన్ని మేజోళ్ళకీ థాంక్స్, వెచ్చగా ఉన్నాయి. దారికి మాత్రం థాంక్స్ చెప్పలేను. ఏమనుకోకండి. అది మీది కాదు."

హార్కోర్ట్ నవ్వబోయి ఊరుకున్నాడు. ఫాదర్ గబగబా పుడ్డింగు తెమ్మన్నాడు. ఇళ్ళకి బయల్దేరుతూ ఊళ్ళో సగంమంది ఎనిడ్‌కి మతి చలించిందన్నారు, మిగతా సగం లెన్ పోయినప్పట్నుంచీ అంతే అన్నారు.

నేను హాలు వెనక వంటగదిలోకి వెళ్ళాను, తిడదామనే. ఆవిడ గిన్నెలు కడుగుతోంది. చేతిలో కప్పూ సాసరూ గడగడలాడుతున్నాయి.

"పుట్టి బుద్ధెరిగాక ఇంత మొరటుగా ఎవరితోనూ మాట్లాడలేదు ఐవర్" అంది. కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ.

"మరెందుకు మాట్లాడినట్టు?"

"మా నాన్న చెప్పేవాడు. ఇరవై ఏళ్ళు జనం ఎవర్నీ అడక్కుండా, ఎవరి కళ్ళూ కప్పకుండా, ఎవరితో గొడవపడకుండా ఒక దారిన నడిస్తే అది జనం దారి. అడిగి నడిస్తే మాత్రం అది యజమాని దయ. దయన్నాక ఇవాళుంటుంది, రేపు పోతుంది. ఆ బోర్డుకి మీరందరూ చప్పట్లు కొట్టారు. మన దారి ఆయన చేతిలో పెట్టొచ్చారు."

"ఊరుకో. అంత మంచివాడు మూసేస్తాడా ఏంటి?"

నాకో తువ్వాలు ఇచ్చి కప్పులు తుడవమంది.

ఏడాది తిరక్కుండానే మూసేశాడు. ఎవరి కుక్కో గొలుసు తెంపుకుని అల్పాకాల్లోకి దూరింది. కడుపుతో ఉన్నదొకటి పరిగెత్తి పరిగెత్తి ఈసుకుపోయింది. హార్కోర్ట్ ఆ గడ్డిలో కూర్చుని ఏడవడం నేను చూశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. మర్నాడు గేటుకి గొలుసు, తాళం. బోర్డు మీద కొత్త అట్ట, 'అనుమతి రద్దయింది' అని. చప్పట్లు కొట్టిన చేతులన్నీ అప్పుడు నెత్తిన పెట్టుకున్నాం. మొహమాటానికి పోతే కడుపైందని ఊరికే అన్నారా.

జిల్లా కౌంటీ ఆఫీసువాళ్ళ దగ్గర జనం దారుల పటం ఉంటుంది, అది చూస్తే మా దారి అందులో లేనే లేదు. ఎప్పుడో మా తాతల నాడు పటం గీసేవాళ్ళు ఊళ్ళోకొచ్చి నడకదారులు చెప్పమంటే, మావాళ్ళు "తోట దారి అందరికీ తెలిసిందేగా, దాన్ని మళ్ళీ చెప్పడమెందుకు" అని ఊరుకున్నారట. మా ఊరి తెలివితేటలు అలాంటివి.

ఎనిడ్ రోడ్డెక్కింది. నా కారులో దింపుతానంటే "పొద్దున్నే నీ మొహం, మళ్ళీ నీ మాటలూనా" అంది. గట్టు పక్కన ఒదిగి ఒదిగి, కర్ర ముందు పెట్టుకుని, రోజూ అలాగే చర్చి తలుపు తెరవడానికి వెళ్ళేది. అక్టోబరు చివర్లో ఒకరోజు మంచు మరీ దట్టంగా పట్టింది. ఆ మలుపులో క్వారీ లారీ అద్దం ఆవిడ భుజానికి తగిలింది. గట్టు మీద పడి దొర్లింది. లారీవాడు పరిగెత్తుకొస్తే, కింద పడి ఉన్న మనిషి వాడికి సారీ చెప్పిందట. వాడు నాకు ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆ మాట చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు.

భుజం విరగలేదు, కమిలింది. కట్టు విప్పిన మర్నాడే మళ్ళీ కర్ర చప్పుడు. కిటికీ తీసి అరిచాను.

"ఈసారి చస్తావ్. వినపడుతోందా? ఈసారి చస్తావ్."

"ఇంట్లో కూర్చుంటే చావనా?" అంది, ఆగకుండానే.

అప్పుడు నాకు నిజంగా భయం పట్టుకుంది. ఈ మనిషి వినదు, రోడ్డు వదలదు. ఆ దారన్నా తిరిగి రావాలి, ఈ మనిషన్నా పోవాలి. నేనే కౌంటీ ఆఫీసుకి వెళ్ళి దారి మాదేనని ఫిర్యాదు పెట్టాను. వాళ్ళు విచారణ మొదలుపెట్టారు. ఊళ్ళోవాళ్ళని ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. మావాళ్ళు నోరు తెరిస్తే మర్యాదే కదా. "టడ్జ్ గారు దేవుడండీ, పాపం ఎప్పుడూ నడవనిచ్చేవారు" అన్నారు ఒకరి తర్వాత ఒకరు. నడవనిచ్చేవాడంటే అనుమతి ఇచ్చినట్టే కదా. పోయినాయన్ని పొగిడి పొగిడి మా గొయ్యి మేమే తవ్వుకున్నాం. ఇక మిగిలింది ఎనిడ్ మాట. అందరికంటే ఎక్కువ నడిచింది ఆవిడే. అనుమతి అడక్కుండా నడిచానని ఆవిడ గట్టిగా చెబితే ఆశ ఉంది, లేకపోతే లేదు.

కౌంటీ నుంచి రోవెనా హెమ్మింగ్ అనే అమ్మాయి వస్తుందన్నారు. మా ఇద్దరితోనూ హార్కోర్ట్‌తోనూ కలిసి దారంతా ఒకసారి నడిచి, అప్పుడు ఎనిడ్‌ని అడుగుతుందట. మళ్ళీ అక్టోబరే వచ్చింది. ఆ పొద్దున ఎంత మంచంటే మా గేటు ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకున్నాను. ఎనిడ్ అప్పటికే అక్కడ నిలబడి ఉంది. శుభ్రంగా ఇస్త్రీ చేసిన స్కార్ఫు కట్టుకుంది.

"ఐవర్, నీకో మాట చెప్పాలి. ఆ అమ్మాయి అడిగితే నేను ఉన్నదున్నట్టే చెబుతాను. టడ్జ్‌ని ఒకసారి అడిగాను."

"ఏం అడిగావ్?"

"దారి గురించే. అనుమతి."

నేను గేటు వదిలి ఆవిడకి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"నీకేమైనా పిచ్చా? టడ్జ్ పోయాడు. ఎవడొచ్చి చెబుతాడిప్పుడు? అడగలేదను. ఒక్క మాట. అడగలేదు."

"వినవయ్యా, అప్పుడేమైందంటే..."

"నేను వినను. నువ్వు చెప్పకు. ఎవరికీ చెప్పకు. ఇన్నేళ్ళ మర్యాద చాలు, ఒక్క అబద్ధం ఆడు."

ఆవిడ నా వంక జాలిగా చూసింది. అంతలో కారు లైట్లు పసుపుపచ్చగా మంచులోంచి వచ్చాయి. హార్కోర్ట్ తోటలోంచి వచ్చి, ఎవరి కళ్ళలోకీ చూడకుండా తాళం తీశాడు.

నడిచాం. ముందు ఎనిడ్, వెనక ఆ కౌంటీ అమ్మాయి, తర్వాత హార్కోర్ట్, ఆఖర్న నేను, తిట్లన్నీ గొంతులో పెట్టుకుని. తోట అదే తోట, ఆపిళ్ళ వాసన అదే, కానీ దారి లేదు. ఒక్క ఏడాదికే ముళ్ళతీగలు ఇటుదటూ అటుదిటూ అల్లుకుపోయాయి. ఎనిడ్ చెయ్యి జేబులోకి వెళ్ళి మళ్ళీ బయటికి వచ్చేసింది. పరాయివాళ్ళ ముందు కత్తెర తియ్యడం బాగుండదనుకుంది కాబోలు. కర్రతో ఒక్కో తీగా పక్కకి ఒత్తి పట్టుకుని, వెనకవాళ్ళు దాటేదాకా నిలబడింది. హార్కోర్ట్ దాటేటప్పుడు కూడా పట్టుకుంది. ఆయన కోటుకి తగులుకున్న ముల్లు తనే తీసి, "కొత్త కోటండీ, జాగ్రత్త" అంది.

పచ్చికలోకి వచ్చేసరికి ఏ దిక్కూ తెలియలేదు. మంచులోంచి అల్పాకా మొహాలు రెండు నా మొహం మీదికి వచ్చాయి. నేను పక్కకి గెంతాను. బూటు బురదలో దిగబడి కాలు ఒక్కటే బయటికొచ్చింది. ఒంటికాలి మీద నిలబడి నేను అన్న మాట ఇక్కడ రాయడానికి వీల్లేదు. కౌంటీ అమ్మాయి నవ్వాపుకోలేక అటు తిరిగింది. ఎనిడ్ వచ్చి బూటు లాగి నా చేతికిచ్చి, "ఎడమపక్కన వాగు చప్పుడు వినపడేలా నడవండి, గట్టినేలే ఉంటుంది" అని అందరికీ చెప్పింది. అలాగే నడిచాం. కాసేపటికి వంతెన చెక్కలు కాళ్ళకింద మోగాయి. అవతల కంచె, చెక్క మెట్టు, దాని వెనక చర్చి గోడ లీలగా.

ఆ మెట్టు దగ్గర ఆ అమ్మాయి ఆగింది.

"మిసెస్ ప్రీస్, ఒక్క ప్రశ్న. ఈ దారిన నడవడానికి టడ్జ్ గారిని మీరెప్పుడైనా అనుమతి అడిగారా?"

నేను ఎనిడ్ వంక చూశాను. కళ్ళతో బతిమాలాను.

"అడిగానమ్మా" అంది ఎనిడ్.

అయిపోయిందనుకున్నాను. ఇన్నేళ్ళ నడక, ఆ భుజం మీద దెబ్బ, అన్నీ వాగులో పోశావు కదే తల్లీ అనుకున్నాను. హార్కోర్ట్ సంతోషించినట్టు కనపడలేదు, కింద గడ్డి వంక చూస్తున్నాడు.

"ఎప్పుడు?" అని అడిగిందా అమ్మాయి.

"మా లెన్ పోయినప్పుడు. లెన్ జీవితమంతా ఆ తోటలోనే చెట్లు దులిపాడు. నన్ను రోడ్డు మీంచి లారీల మధ్య తీసుకెళ్ళకు, తోటలోంచి మోయించు అనేవాడు. మామూలుగా నడవడం వేరు, పెట్టె మోసుకుని నలుగురు మగాళ్ళు ఒకళ్ళ గడ్డి తొక్కుకుంటూ పోవడం వేరు కదా, అడక్కపోతే ఏం బాగుంటుంది అనుకున్నాను. వెళ్ళి తలుపు కొట్టాను."

"ఆయన ఏమన్నారు?"

"తిట్టాడమ్మా." ఎనిడ్ గొంతు కొంచెం మారింది. "మేజోళ్ళ మీదే గుమ్మంలోకి వచ్చి తిట్టాడు. 'నన్నడుగుతావేంటి ఎనిడ్, మతిపోయిందా? నాదైతే కదా నీకివ్వడానికి. మా అమ్మని అటే మోశారు, మా తాతనీ అటే మోశారు, వాళ్ళెవర్నడిగారు? నన్నూ అటే మోస్తారు. ఇంకోసారి ఇలాంటి మాట అడిగావంటే లెన్‌ని మొయ్యడానికి నేను రాను' అన్నాడు."

"మరి వచ్చారా?"

"రాకేం. ముందు కుడిభుజం ఆయనదే. ఈ మెట్టు మీంచి పెట్టె పట్టలేదు. దించమని చెప్పి, గొడ్డలి తెచ్చి తన మెట్టు తనే కొట్టేశాడు. మర్నాడు మళ్ళీ కట్టాడు. ఇదే అది."

ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. చర్చి ముందు బస్సాపి, టోపీ తీసి నిలబడ్డాను. మంచులోంచి ఆ పెట్టె రావడం, ముందు ఆ ముసలి టడ్జ్ ఒగరుస్తూ రావడం చూసినవాణ్ణి. ఆ గుమ్మంలో ఏం జరిగిందో మాత్రం ఎనిడ్ ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. పొద్దున చెప్పబోతే నేను నోరు మూయించాను.

"తర్వాత మళ్ళీ ఎప్పుడైనా అడిగారా?" అంది ఆ అమ్మాయి.

"లేదమ్మా. ఒకసారి తిన్న తిట్లు చాలు."

హార్కోర్ట్ ఆ మెట్టు మీద చెయ్యి వేసి, కొత్త చెక్కా పాత చెక్కా కలిసిన చోటు వేలితో తడిమాడు.

"టడ్జ్ గారిని కూడా ఇటే తీసుకెళ్ళారా?" అని అడిగాడు.

"ఇటే అండీ. మీరు రావడానికి ముందు శీతాకాలంలో."

"నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు." ఆయన జేబులోంచి తాళంచెవి తీసి, ఏం చెయ్యాలో తోచనట్టు అటూ ఇటూ చూసి, కౌంటీ అమ్మాయి చేతిలో పెట్టాడు. "నాకేమీ అభ్యంతరం లేదని రాసుకోండి. నేనిచ్చేదేం లేదిక్కడ. అల్పాకాలకి నేను వేరే కంచె వేసుకుంటాను."

వాళ్ళిద్దరూ మెట్టెక్కి చర్చివైపు వెళ్ళిపోయారు. నేను ఇంకో బూటు కూడా విప్పి నీళ్ళు పారబోసుకుంటున్నాను, మొహం దాచుకోవడానికి. ఎనిడ్ వచ్చి నా పక్కన వంతెన మీద కూలబడింది. ఏడుస్తోంది. లెన్‌ని దించిన రోజు ఏడవని మనిషి, లారీ కొట్టిన రోజు ఏడవని మనిషి, వానకోటు అంచులో మొహం పెట్టుకుని ఏడుస్తోంది.

"ఇంకెందుకు ఏడుపు? గెలిచావుగా" అన్నాను.

"ఏడాదంతా ఒకటే భయం ఐవర్. నన్ను రోడ్డు మీంచి తీసుకెళ్తారేమోనని. లెన్ ఒకదారిన వచ్చి, నేనొకదారిన వస్తానేమోనని. రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు." ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు పరవాలేదు."

ఈ మనిషి నడిచి నడిచి కాపాడుకుంటున్నది ఏమిటో ఇన్నాళ్ళూ పక్కింట్లో ఉండి నాకు తెలియలేదు. ఏదైనా హాస్యమాడదామనుకుని మానేశాను. చివరికి, "నిన్ను మోసేటప్పుడు ముందు కుడిభుజం నాది" అన్నాను.

ఎనిడ్ తల ఊపింది. కర్ర ఆనించుకుని లేచి, మెట్టెక్కి, చర్చి తలుపు తెరవడానికి మంచులోకి వెళ్ళింది.